జోడు సన్నాయి

రాజంపేట,
21 ఆగస్టు 1936.

వదినమ్మ పాదాలకు మొక్కి ఆదెన్న వ్రాసుకొనేది.

ఇక్కడ నేను, నా ఇంటిది ఓబులమ్మ బాగున్నాము. మీ ఇద్దరినీ రోజూ తలుచుకుంటాను గానీ ఉత్తరం మటుకు ఏడాదికి రెండే వ్రాస్తాను. ఉగాదికి వ్రాసిన దానికి నీ జవాబు అందింది. అందులో అన్న గురించి "బాగున్నాడు" అని ఒక్క మాట పెట్టినావు. ఆ మాటనే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఇది అధిక భాద్రపదం. పెండ్లిళ్లు లేవు, ఊరేగింపులు లేవు. మేళంలో వాళ్లంతా ఎవరి ఊళ్లకు వాళ్లు పోయినారు. డోలు కంబన్న ఒక్కడు ఇక్కడే ఉండి, చర్మం బిగించుకుంటూ నా బుర్ర తింటున్నాడు. కంబన్నను నువ్వు ఎరగవు. కడప వైపు మనిషి. చెయ్యి మంచిది, నోరు ఆగదు. ఈ నెల గడిచిందంటే మాకు తీరిక ఉండదు. వినాయక చవితికి కడపలో మూడు దినాలు ఒప్పుకున్నాను. దసరాకు ప్రొద్దుటూరులో పది దినాలు. కార్తీక సోమవారాలు ఇక్కడే, శివాలయంలో.

నీకు వ్రాయవలసింది ప్రొద్దుటూరు సంగతి. దసరా కమిటీ పెద్దలు నలుగురు మొన్న మా ఇంటికి వచ్చినారు. వాళ్లలో పెద్దాయన పుల్లయ్య శెట్టి పన్నెండేండ్ల కింద ఆదోనిలో ఒక పెండ్లికి వచ్చి మా ఇద్దరినీ విన్నాడంట. నన్ను చూస్తూనే ఆయన అన్న మాట ఇది. "మీ అన్నదమ్ముల జోడు ఇన్న్యా నేను. ఇద్దరు ఊదుతాంటే ఒక మనిషి ఊదినట్ల ఉండె. మాకు జోడు కావల్లప్పా. ఒంటి సన్నాయి అయితే అరవదేశం నుంచి మేళాలు శానా వస్తాయి."

వచ్చే నెల పదహైదో తేదీకి వాళ్లు నోటీసు అచ్చు వేయిస్తారు. ఆ లోపల పేర్లు చెప్పాలి. "కోసిగి ఉరుకుందప్ప, ఆదెన్న సోదరులు" అని వేయమనే మాట నా నోటిదాకా వచ్చింది, కానీ అన్నను అడగకుండా ఎట్లా చెప్పేది? పదిరోజుల్లో చెప్తానన్నాను.

వదినా, నాలుగేళ్లయింది నేను ఇల్లు వదిలి. అన్నకు చదువు రాదు. నువ్వు మిషను బడిలో నేర్చిన నాలుగు అక్షరాలే మాకు దిక్కు. ఇది ఆయనకు చదివి వినిపించు. కోపంగా ఉన్నప్పుడు వద్దు. ఆయన అన్నం తిని, వక్కాకు వేసుకొని గోడకు ఆనుకొని కూర్చున్నప్పుడు చదువు. మన ఇంటి ముందర కూత పెట్టే రైలే ఇక్కడా కూత పెడుతుంది. అది విన్నప్పుడల్లా ఇది కోసిగి మీద నుంచి వచ్చిందా, కోసిగికి పోతుందా అని లెక్క వేసుకుంటాను.

నీ చేతి అన్నం తిన్న
ఆదెన్న

*

కోసిగి,
29 ఆగస్టు 1936.

నాయనా ఆదెన్నా, నువ్వూ ఓబులమ్మా చల్లగా ఉండాలని దేవుణ్ని అడుక్కుంటూ మీ వదిన సుంకమ్మ వ్రాసేది.

నీ ఉత్తరం అందింది. ఈడ వానలు లేవు. కొర్ర మొలిచి ఎండింది. మన వీధిలో సగం ఇండ్లకు తాళాలు పడినాయి, పనుల కోసం అందరూ తుంగభద్ర అవతలికి పోయినారు. మనం పోలేదు. నీ మేక ఇంకా ఉంది, రెండు ఈతలు ఈనింది. దాని పిల్లల్లో ఒకటి నీ మాదిరే మొండిది, ఎంత పిలిచినా రాదు.

నువ్వు చెప్పినట్లే, మీ అన్న వక్కాకు వేసుకున్నాక చదివినాను. పుల్లయ్య శెట్టి మాట వరకు గోడకు ఆనుకొనే విన్నాడు. సోదరులని అచ్చు వేయించే మాట రాగానే లేచి, తువ్వాలు భుజాన వేసుకొని బయటికి పోయినాడు. మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చినాడు. ఏం వ్రాయమంటావని అడిగితే, "నాకు తీరిక లేదని రాయి" అన్నాడు.

అదే వ్రాస్తున్నాను. మీ అన్నకు తీరిక లేదంట. నువ్వు వేరే జోడు చూసుకో నాయనా. ఇంతకంటే నన్ను అడగవద్దు. చవితికి కడపకు పోయేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకో, నీకు చిన్నప్పటి నుంచి చెవిపోటు.

ఇట్లు
వదిన

*

రాజంపేట,
6 సెప్టెంబరు 1936.

వదినమ్మకు దండాలు పెట్టి ఆదెన్న వ్రాసుకొనేది.

నీ ఉత్తరం ఓబులమ్మకు చూపలేదు. తీరిక లేదంట అని నేనే చెప్పినాను. ఆమె నా ముఖం చూసి వంటింట్లోకి పోయింది.

తీరిక లేని మాట నిజం కాదని నాకు తెలుసు. అన్న నన్ను ఇంకా క్షమించలేదు. నాలుగేళ్ల కింద ఆ ఇంకొక ఆదోని పెండ్లిలో ఏమి జరిగిందో నువ్వు అన్న నోటనే విన్నావు. నా నోట వినలేదు. ఇప్పుడు చెప్తాను.

ఆ పొద్దు ఊరేగింపు బజారు మధ్యకు వచ్చింది. అన్న కాంభోజి ఎత్తుకున్నాడు. సగం కూడా కాలేదు, పెండ్లికొడుకు స్నేహితులు అడ్డం వచ్చి, అప్పట్లో అందరి నోళ్లలో ఉండిన నాటకం పాట ఒకటి వాయించమన్నారు. అన్న వినిపించుకోలేదు. వాళ్లు నా వైపు తిరిగినారు. నాకు ఆ పాట వచ్చు, వదినా. నాకు ఇష్టం కూడా. అన్న ఊపిరి తీసుకొనే సందులో నేను ఎత్తుకున్నాను. జనం ఈలలు వేసినారు. నేను ఇంకా గట్టిగా ఊదినాను. పక్కకు తిరిగి చూస్తే అన్న సన్నాయి సంచిలో పెట్టి ముడి వేస్తున్నాడు. అంతమంది మధ్యలో నుంచి నడిచి వెళ్లిపోయినాడు. జోడులో ఒక సన్నాయి లేచిపోతే మిగిలినవాడు ఎట్లా నిలబడతాడో అది నాకే తెలుసు. పాట పూర్తి చేసినాను. తెల్లవారి ఇంటికి రాకుండా రైలెక్కినాను.

ఆయన నన్ను తిట్టి ఉంటే, ఒక దెబ్బ వేసి ఉంటే నేను ఇల్లు వదిలేవాణ్ని కాదు.

ఇంకొక సంగతి విన్నాను. శెనక్కాయల వ్యాపారి ఒకాయన మీ వైపు నుంచి వచ్చి, శివరాత్రి తర్వాత మన ఊరి గుడిలో సన్నాయి ఎమ్మిగనూరు వాళ్లు వాయిస్తున్నారని చెప్పినాడు. నేను నమ్మలేదు. అది మా తాత నుంచి వచ్చిన సేవ. అన్న తర్వాత నాది. నాకు రాకుండా చేయాలనే అన్న దాన్ని బయటివాళ్ల చేతిలో పెట్టినాడా? ఉన్నదున్నట్లు వ్రాయి. పదహైదో తేదీ దగ్గర పడుతున్నది. నేను పెద్దల దగ్గర మళ్లీ గడువు అడిగినాను.

అన్న ఒప్పుకుంటే నేను కోసిగికి వచ్చి ఆయన కాళ్లు పట్టుకొని వెంట తీసుకొని వస్తాను. నాటకం పాట ఇక నా సన్నాయిలో పలకదని కూడా చెప్పు.

ఆదెన్న

*

కోసిగి,
15 సెప్టెంబరు 1936.

ఆదెన్నకు.

ఇది మీ అన్న చెప్తుంటే చెప్పినట్లే వ్రాస్తున్నాను.

"గుడి సేవ ఎమ్మిగనూరోళ్లకి నేనే ఇచ్చినా. ఎవరూ గుంజుకోలేదు. ఎందుకిచ్చినావని అడిగే పని లేదు. నేను ప్రొద్దుటూరికి రాను. ఈ దసరాకి రాను, ఇంగో దసరాకీ రాను. నన్ను నమ్ముకొని నోటీసు ఏయించొద్దు. ఈ ఉత్తరంతో ఒక పెట్టె పంపుతాండా. తీసుకో."

ఇంతవరకు ఆయన చెప్పినది. పెట్టె విడిగా పార్సెలులో వస్తుంది. అందులో సన్నాయి మూతికి పెట్టే పీకలు పన్నెండు ఉన్నాయి.

ఇంకా వ్రాయాలని ఉంది నాయనా. మీ అన్న ఎదురుగానే కూర్చొని కలం పోయే వైపే చూస్తున్నాడు. చదువు రాకపోయినా, ఎన్ని వరుసలు చెప్పినాడో, నేను ఎన్ని వరుసలు వ్రాసినానో ఆయనకు తెలుస్తుంది.

సుంకమ్మ

*

కడప,
23 సెప్టెంబరు 1936.

వదినకు ఆదెన్న వ్రాసేది.

ఉత్తరం, పెట్టె రెండూ కడపకు బయలుదేరే పొద్దుననే చేరినాయి. చవితి మేళం మూడు దినాలు బాగానే జరిగిందని జనం అన్నారు. నేనేమి వాయించినానో నాకు గుర్తు లేదు.

పెట్టె తెరిచి చూసినాను. ఇంట్లో ఉన్న నా వస్తువులు ఏరి పంపించినట్లు పీకలు పంపినాడు. ఇంకా నావి ఏమున్నాయి అక్కడ? పాత తాళాలు ఒక జత, ఒక కంబళి. అవి కూడా పంపమను. నేను నాలుగేళ్లుగా ఎవరికి ఏమీ కానివాణ్నని తెలిసీ తెలియనట్లు ఉత్తరాలు వ్రాసుకుంటున్నాను. ఇప్పుడు తెలిసింది.

పన్నెండు పీకలనూ అదే పెట్టెలో, అదే గుడ్డలో చుట్టి ఈ పొద్దు పార్సెలు చేసినాను. ఆయన కోసిన పీకతో వాయించే అర్హత నాకు లేదని చెప్పు. కాళహస్తి వైపు నుంచి ఒక సన్నాయి మనిషిని మాట్లాడుకున్నాను. జోడు కుదిరింది. కమిటీకి కబురు పంపినాను. నోటీసులో అతని పేరే పడుతుంది.

నీ మీద నాకు కోపం లేదు వదినా. నీకు ఇక కష్టం పెట్టను.

ఆదెన్న

*

కోసిగి,
30 సెప్టెంబరు 1936.

నాయనా ఆదెన్నా,

మీ అన్న గొరిగే పనికి దుద్ది వైపు పల్లెలకు పోయినాడు. సందేళ వరకు రాడు. ఆ లోపల ఇది వ్రాసి, నేనే స్టేషనుకు పోయి డబ్బాలో వేసి రావాలి. నీకు చెప్పనని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పుతున్నాను. తగిలితే నాకే తగలనీ.

మీ అన్న గొరగడానికి పోయినాడని చదివి నువ్వు నమ్మవు. అవును, మీ తాత కత్తిపెట్టెను కడిగి, సాన పట్టించి, శివరాత్రి పోయిన నెల నుంచి అదే పట్టుకొని తిరుగుతున్నాడు. ఆయనకు ఇక సన్నాయి పలకదు ఆదెన్నా.

పోయిన దీపావళి నుంచే చిగుళ్లు వాచి నెత్తురు కారుతుండేది. ఉప్పు పెట్టి పుక్కిలించేవాడు, లవంగం పెట్టుకునేవాడు, సన్నాయి మాత్రం మానలేదు. శివరాత్రి ఊరేగింపులో పీకతో పాటు ముందరి పైపన్ను ఒకటి ఊడి వచ్చింది. తువ్వాలుతో తుడుచుకొని ఊరేగింపు ముగిసేదాకా వాయించినాడు. వారం తిరగకముందే దాని పక్కది. తర్వాత ఊదితే గాలి పక్కలకు పోతుంది, పీక నిలవదు. సందులో మైనం పెట్టి చూసినాడు, గుడ్డ పెట్టి చూసినాడు. ఒక పొద్దు దొడ్లోకి పోయి తోడి రాగం ఎత్తుకోబోయినాడు. ఆ కూత విని నేను ముఖం తిప్పుకున్నాను. అది ఆయన చూసినాడు. లోపలికి వచ్చి సన్నాయిని సంచిలో పెట్టి అటక మీద పెట్టినాడు. మరుసటి పొద్దు తానే ఎమ్మిగనూరికి నడిచి పోయి, గుడి సేవ ఆగకూడదని వాళ్లను పిలుచుకొని వచ్చినాడు. నీకు రాకుండా చేయడానికి కాదు నాయనా.

నీకు వ్రాస్తానంటే ఒప్పుకోలేదు. "పండ్లూడినోడినని తెలిస్తే వాడు జాలిపడి వస్తాడు. నేను లేచొచ్చింది తప్పని నేను చెప్పి పిలుచుకోవల్ల వాణ్ని. జాలితో వాడు రాకూడదు" అన్నాడు. పిలుచుకోవాలని నాలుగేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు, నోరు రాలేదు. తీరా నువ్వు పిలిస్తే ఆయన చేతిలో ఏమీ లేకపోయింది.

ఇక ఆ పీకలు. అవి నీ పాత వస్తువులు కావు. నీ మొదటి ఉత్తరం విన్న మరుసటి పొద్దు వంకకు పోయి పీకలు చేసే గడ్డి ఏరుకొని వచ్చినాడు. ఉడకబెట్టి, నీడలో ఆరబెట్టి, దారం చుట్టి, రెండు వారాలు కూర్చొని కోసినాడు. ఊది చూసుకొనే నోరు లేదు. గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని, వెలుతురుకు పట్టి చూసి కోసినాడు. నలభైకి పైన కోసి పన్నెండు ఏరినాడు. వాడికి దసరా పది దినాలకు పది, రెండు ఎక్కువ, అని చెప్పినాడు.

పెట్టె తిరిగి వచ్చిన పొద్దు తానే విప్పినాడు. ఒక్కొక్క పీకనూ తీసి చూసి, "ఒక్కటన్నా నోట పెట్టి తడపనే లేదే" అన్నాడు. ఆ పొద్దు పనికి పోలేదు. నీ ఉత్తరంలో ఏముందని అడిగితే, నువ్వు పీకలు చాలినన్ని ఉన్నాయని వ్రాసినావని చెప్పినాను. ఒక ఒట్టు తప్పినాను, ఒక అబద్ధం ఆడినాను. నా చేత ఇంకేమీ చేయించవద్దు ఆదెన్నా.

నువ్వు నాలుగేళ్ల పిల్లవాడివిగా నా చెంగు పట్టుకున్నప్పుడు నాకు పద్నాలుగు. నాకు బిడ్డలు లేరన్న బాధ నీ వల్లనే తెలియలేదు. ఇప్పుడు తెలుస్తున్నది.

వదిన

*

రాజంపేట,
4 అక్టోబరు 1936.

వదినా,

ఓబులమ్మ నీ ఉత్తరం నాకు చదివి వినిపించింది. సగం దాకా నేనే చదివినాను, తర్వాత చేతకాలేదు.

ఆ పీకలు మళ్లీ పంపు. అన్న కాళ్లకు మొక్కి అడుగుతున్నానని చెప్పి అడుగు. ఒట్టు తప్పిన సంగతి కూడా చెప్పేయి, ఆ బరువు నువ్వు మోయవద్దు. తిట్టవలసివస్తే నన్ను తిట్టమను.

ఇప్పుడే బయలుదేరి రావాలని స్టేషను దాకా పోయినాను. ఓబులమ్మ వెనకనే వచ్చి తిప్పుకొని వచ్చింది. దసరాకు ఇంక పన్నెండు దినాలే ఉంది, కాళహస్తి మనిషికి రావద్దని కబురు పెట్టినాను, ఒంటి సన్నాయితో పది దినాలకు తయారు కావాలి. కమిటీ వాళ్లకు కోపం వచ్చింది. మొదటి పొద్దు విని, నచ్చకపోతే మర్నాడే వేరే మేళాన్ని పిలుచుకుంటామన్నారు. కానీయమన్నాను. అన్న స్థలంలో ఇంకొకణ్ని కూర్చోబెట్టి నేను వాయించలేను.

ఒక మాట అడుగుతాను. అన్నను నా పక్కన వచ్చి కూర్చోమను. సన్నాయి పట్టే పని లేదు. శ్రుతిపెట్టె ఆయన చేతికిస్తాను, దాన్ని తిత్తిలాగా ఒత్తుతూ ఉంటే చాలు. ఆయన పక్కన ఉంటే నా వేళ్లు తప్పు పోవు. పదహారో తేదీ సాయంత్రం మొదటి మేళం. ఇద్దరూ ఎర్రగుంట్లలో దిగితే ప్రొద్దుటూరికి మోటారు బస్సు ఉంది. కంబన్నను స్టేషనుకు పంపిస్తాను.

ఆదెన్న

*

కోసిగి,
10 అక్టోబరు 1936.

ఆదెన్నకు వదిన వ్రాసేది.

పెట్టె పంపినాను. మీ అన్నే మళ్లీ గుడ్డ చుట్టి ఇచ్చినాడు.

అంతా చెప్పినాను. రెండు దినాలు అన్నం ముందు కూర్చొని లేచిపోయినాడు. మూడో పొద్దు తానే వచ్చి, "వాడు ఏమని రాసినాడో పూర్తిగా సదువు" అన్నాడు. చదివినాను. శ్రుతిపెట్టె మాట దగ్గర ఆపమన్నాడు.

"వానికి ఊదడం నేర్పిండేది నేను. నన్ను పెట్టె ఒత్తుకుంటా కూసోమంటాడా?"

నువ్వు ఆ ఉద్దేశంతో అనలేదని ఎంతో చెప్పినాను. పండ్లు ఊడిన నోటితో అంతమంది ఎదుట గద్దె మీద కూర్చోలేనన్నాడు. నువ్వు ప్రేమతో అన్న మాటే ఆయనకు గుచ్చుకున్నది. మీ ఇద్దరి మాటలు నా మీదుగా పోయేటప్పుడు యాడో ఒక చోట వంకరపోతున్నాయి. తప్పు నా రాతదో, మీ చెవులదో తెలియదు.

కంబన్నను స్టేషనుకు పంపవద్దు. మేము రావడం లేదు. నువ్వు మనసు పాడు చేసుకోక వాయించు. మొదటి పొద్దు ఉపవాసం ఉండవద్దు, కడుపులో ఏమైనా ఉంటేనే ఊపిరి నిలుస్తుంది.

వదిన

*

ప్రొద్దుటూరు,
26 అక్టోబరు 1936.

వదినమ్మకు ఆదెన్న మొక్కి వ్రాసుకొనేది.

నిన్నటితో దసరా అయిపోయింది. మొదటి పొద్దు ముగియగానే కమిటీ వాళ్లు వేరే మేళం మాట ఎత్తలేదు. మూడో పొద్దు నుంచి పుల్లయ్య శెట్టి గద్దె పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నిన్న జమ్మిచెట్టు దగ్గరికి పల్లకి పోయేటప్పుడు నా భుజాన శాలువ కప్పి, "మీ అన్న యాడున్నాడో గానీ ఈ పొద్దు నీ సన్నాయిలో ఇన్న్యా" అన్నాడు. వచ్చే ఏడాదికి కూడా తాంబూలం ఇచ్చినారు. అన్న కోసిన పీకల్లో తొమ్మిదింటితో పది దినాలూ గడిచినాయి. అంత మెత్తగా పలికే పీక నా జన్మలో పెట్టుకోలేదు.

ఇవన్నీ నీకు సంతోషం కలగడానికి వ్రాస్తున్నాను. నా సంతోషం మాత్రం వ్రాయడానికి లేదు. గద్దె మీద రోజూ ఎడమకే జరిగి కూర్చున్నాను. కుడిపక్క జంపఖానా ఖాళీగానే ఉండేది. రాగం ముగించి ఊపిరి తీసుకొనేటప్పుడు, అన్న అందుకుంటాడని నాకు ఇప్పటికీ అలవాటు. అందుకొనేవాళ్లు లేక ఒక్క క్షణం ఏమీ వినపడదు. ఆ తర్వాత నేనే మళ్లీ ఎత్తుకోవాలి. పది దినాలూ అట్లనే చేసినాను.

మీరు రావడం లేదని నువ్వు వ్రాసినా, మేళం ముగిసిన ప్రతిసారీ జనంలో వెతికినాను. అన్న ఎత్తు మనిషి ఎవరు కనపడినా గద్దె దిగి పోయి చూసినాను. కంబన్న నవ్వినాడు.

ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. ఎనిమిదో పొద్దు నేత పేట ఆడవాళ్లు చాలామంది వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. కల్యాణి అయ్యాక వాళ్లలో ఒక ముసలామె ఆ నాటకం పాటే అడిగింది. పలకదని నీకు మాట ఇచ్చినాను. అయినా ఆమె అడిగిన తీరుకు కాదనలేకపోయినాను. వాయించినాను. అన్నకు తెలిస్తే మళ్లీ సంచి ముడి వేసుకొని లేచిపోతాడు. ఆయనకు ఈ ముక్క చదవవద్దు.

కార్తీక మొదటి సోమవారం, నవంబరు పదహారున, రాజంపేట శివాలయంలో వాయిస్తాను. రమ్మని మళ్లీ అడిగే ధైర్యం లేదు. వాయిస్తున్నానని మాత్రం చెప్తున్నాను.

ఆదెన్న

*

కోసిగి,
1 నవంబరు 1936.

నా బంగారు ఆదెన్నకు వదిన వ్రాసేది.

నువ్వు చదవవద్దన్న ముక్క కూడా మీ అన్నకు చదివినాను. ఆయనకు అది ముందే తెలుసు. ఎందుకో చెప్తాను, కూర్చొని చదువు.

దసరా నాలుగో పొద్దు మీ అన్న కత్తిపెట్టె తీసుకొని, ఆదోనిలో సాన పట్టించుకొని వస్తానని బయలుదేరినాడు. ఆ పొద్దు రాలేదు, మర్నాడు రాలేదు. నేను స్టేషనుకు పోయి వచ్చే బండికల్లా నిలబడినాను. చెరువులు, బావులు అన్నీ నా మనసులోకి వచ్చినాయి. దసరా అయిన మరుసటి పొద్దు బండి దిగినాడు. నేను ఏడుస్తుంటే, "ఏడవొద్దు సుంకీ, ఆదిగాణ్ని ఇని వచ్చినా" అన్నాడు.

ప్రొద్దుటూరులోనే ఉన్నాడు నాయనా. ఐదో పొద్దు నుంచి చివరిదాకా. పొద్దున పూట బజారులో ఒక అరుగు మీద కూర్చొని గొరిగి కడుపు నింపుకునేవాడంట. సాయంత్రం పత్తి బేళ్ల వెనక నిలబడి వినేవాడంట. నీ డోలు కంబన్నకు కూడా ఆయనే గడ్డం గీసినాడు. ఆ మనిషికి ఈయనెవరో తెలియదు. నోరు ఆగదని నువ్వు వ్రాసినావు కదా, కత్తి గొంతు మీద ఉండగానే చెప్పుకుంటూ పోయినాడంట, మా ఆదెన్న కుడిపక్కన వాళ్లన్నకని చోటు ఇడిచిపెట్టి కూసుంటాడు, ఆడ ఎవరన్నా కూసోబోతే లేపేస్తాడు, అని. మీ అన్న కత్తి తీసి పక్కన పెట్టినాడంట. పెట్టె ఒత్తడానికి పిలిచినావన్న కోపం ఆడనే పోయింది.

నీ తప్పులు కూడా తెచ్చినాడు. ఆరో పొద్దు ముఖారిలో తొందరపడినావంట. కంబన్న డోలు కుడి మూత సడలిందంట. కల్యాణి మాత్రం తాను కూడా అట్లా ఎప్పుడూ వాయించలేదని చెప్పినాడు.

ఎనిమిదో పొద్దు ఆగలేక, నోటికి తువ్వాలు చుట్టుకొని ముందు వరుసకు వచ్చి కూర్చున్నాడు. ఆ ముసలామె పక్కనే. నీకు పది అడుగుల దూరంలో. నువ్వు నాటకం పాట ఎత్తుకున్నావు. ఆమె చెంగు నోట్లో పెట్టుకొని ఏడ్చిందంట. ఆదోనిలో దీనికా నేను లేచి వచ్చింది అనుకున్నాడంట. నువ్వు మేళం ముగిశాకే వెతికినావు, ఆయన చివరి తాళానికే లేచి పోయేవాడు. వాయించేటప్పుడు కండ్లు తెరిచి ఉంటే చూసేవాడివి. నువ్వు కండ్లు మూసుకొని ఉన్నావు.

నిన్న నీ ఉత్తరం విన్నాక మీ అన్న తానే నా ఎదురుగా కూర్చొని, వ్రాయమన్నాడు. ఈసారి ఎన్ని వరుసలు వ్రాసినా అడ్డం చెప్పలేదు. ఆయన చెప్పినది ఇది.

"కార్తీకానికి వస్తాండామని రాయి. శ్రుతిపెట్టె వేరేవాళ్లకు ఇయ్యమను. కుడిపక్కన చోటు నాకొద్దు, ఆ కాళహస్తి మనిషిని పిలిచి కూసోబెట్టుకోమను. ఒంటిగా ఊదితే రొమ్ము చెడతాది. నేను ఎదురుగా కూసుంటా. పదైదేండ్లు వాని పక్కన కూసున్న్యా గానీ, ఊదేటప్పుడు వాని మొగం ఎట్లుంటాదో నాకు తెలీదు. జోడులో ఉండేవానికి కనపడదు. ప్రొద్దుటూరులో సూసినా. కండ్లు మూసి, తల ఇంత వంచి, అచ్చం మా అమ్మ. వానికి పాలిస్తా జోల పాడేటప్పుడు అట్లనే ఉండేది. వాడు ఆమెను ఎరగడు గదా. అది వానికి చెప్పల్ల నేను."

నీ తల్లి నువ్వు ఏడాది పిల్లవాడిగా ఉండగానే పోయింది. నేను కూడా చూడలేదు. ఆమె సంగతి మీ అన్న ఈ ఇంట్లో ఎత్తడం నాకు ఇదే మొదలు.

పదహైదో తేదీ ఆదివారం ఇక్కడ బండెక్కుతాము. మేకలను పక్కింటి గురమ్మకు అప్పజెప్పినాను. సోమవారం పొద్దున నువ్వు స్టేషనుకు రా, ఓబులమ్మను కూడా తీసుకొని రా. మీ అన్న తువ్వాలు చుట్టుకొని దిగుతాడు. ఆయనంతట ఆయన దాన్ని తీసేదాకా నోటి వంక చూడొద్దు.

మీ వదిన
సుంకమ్మ